హైదరాబాద్ సొమ్ము, మెర్లిన్ మోత

కీసర చుట్టుపక్కల ఉండేవాళ్లకు విమానం చప్పుడు కొత్త కాదు. పడమటి దిక్కున రాజీవ్ రహదారి మీద హకీంపేట, ఇంకాస్త అవతల దుండిగల్, రెండూ వైమానిక దళం అడ్డాలు. పొద్దెక్కితే చాలు, శిక్షణ విమానాలు మొదలవుతాయి. గుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి దారిలో కొబ్బరికాయలు అమ్ముకునేవాళ్లు తల కూడా ఎత్తరు. సిటీ నుంచి వచ్చిన భక్తులే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతుంటారు, అదీ చప్పుడు వచ్చిన వైపే. అక్కడ ఏముంటుంది? మూడు కిలోమీటర్ల దూరంలో పోయే విమానం చప్పుడు మన చెవిన పడటానికి దాదాపు తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆలోపు అది దాటిపోతుంది. చప్పుడుకు కొంచెం ముందు చూడాలి. ఇక్కడి పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కొందరు పిట్టల కూతల వెంట పడతారు, నేను ఇంజన్ల వెంట పడ్డాను. తల ఎత్తకుండా, పోయే గాలిమోటరు ఏదో చెవితోనే చెప్పడం నా పిచ్చి. అలవాటైతే కష్టమేం కాదు. సన్నగా, సాగదీసిన ఈలలా వినిపిస్తే కిరణ్. 1964లో మొదటిసారి ఎగిరిన ఈ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విమానంలో వైపర్ టర్బోజెట్ ఉంటుంది. లోపలికి పీల్చిన గాలంతా మంటలోంచే పోయి, వెనక సన్నటి ధారగా దూసుకొచ్చి, కదలకుండా ఉన్న బయటి గాలిని చీలుస్తుంది. ఆ రాపిడే మోత. ధార వేగం రెట్టింపయితే మోత శక్తి రెండు వందల యాభై ఆరు రెట్లవుతుందని, అంటే ఎనిమిదో ఘాతంలో పెరుగుతుందని 1952లో లైట్‌హిల్ అనే ఇంగ్లిష్ గణితవేత్త లెక్క గట్టాడు. ఇప్పటి ప్రయాణికుల విమానాలు ఆ వేడి ధార చుట్టూ చల్లగాలి దుప్పటి కప్పుతాయి కాబట్టే శంషాబాద్ పక్కన ఊళ్లు ఆ మాత్రం నిద్రపోతున్నాయి.

ఇక 2013 నుంచి దుండిగల్‌లో తిరుగుతున్నది స్విట్జర్లాండ్ పిలాటస్. అది టర్బోప్రాప్. చప్పుడు గట్టిదే, కానీ ఒకే తీరు. ఎక్కడా గొంతు తడబడదు, దగ్గదు. మంచి యంత్రం. నాకు మాత్రం అందులో వినడానికేమీ దొరకదు.

దానికి ముందు దీపక్ ఉండేది. హెచ్‌పీటీ-32. ఆరు సిలిండర్ల లైకమింగ్ పిస్టన్ ఇంజన్, 260 గుర్రాల బలం. మేడ్చల్, శామీర్‌పేట, తూప్రాన్ వైపు వాళ్లు పాతికేళ్లు విన్న చప్పుడది. నిండు యెండలో ఎక్కడో పైన, పొలం మీద సోమరిగా తిరిగే మోత. పైలట్ థ్రాటిల్ తగ్గిస్తే కిందున్నవాడికి తెలిసిపోయేది. అయితే ఆ విమానానికి ఒక రోగం ఉండేది: గాల్లోనే ఇంజన్ ఆగిపోవడం. ప్రాణాలు పోయాయి. 2009లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రమాదం తర్వాత దాన్ని పూర్తిగా నేలకు దించేశారు. చప్పుడు ఆగడమంటే ఏమిటో ఇటు వైపు జనానికి బాగా తెలుసు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఇద్దరు పోయారు. ఇంజన్ మోతను మురిసిపోతూ రాసేవాడు ఈ సంగతి దాచకూడదు.

పిస్టన్ చప్పుడంటే ఎందుకింత మోజు? సైనిక్‌పురిలో ఒక పెద్దాయన ఉన్నారు, వైమానిక దళంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హార్వర్డ్ శిక్షణ విమానాల మీద పనిచేశారు. ఇదే ప్రశ్న ఆయన్ను అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "మోజేంది తమ్మీ, అది మాట్లాడతది. మనకు జవాబు చెప్తది" అన్నారు.

హార్వర్డ్ ఇంజన్ గుండ్రటిది, తొమ్మిది సిలిండర్లు పువ్వు రేకుల్లా చుట్టూ అమరి ఉంటాయి. రాత్రంతా నిలబెడితే నూనె జారి కింది సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే నూనె నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని పొద్దున్నే ఇద్దరు ముగ్గురు వరసగా నిలబడి ప్రొపెల్లర్ రెక్కను చేత్తో లాగి తిప్పాలి, ఒకరి వెనక ఒకరు. ఎక్కడన్నా బిగుసుకుంటే ఆపి, ప్లగ్గులు విప్పి నూనె కార్చాలి. ఆ తర్వాతే స్టార్టర్. "ఫస్టు ఒక్క సిలిండరే అందుకుంటది. పొగ గుప్పుమంటది. రెండోది, ఆరోది, మళ్ల ఒకటోది... అన్నీ కలిసేదాకా మేం కదలకపోయేది. ఏదో ఒకటి మొండికేస్తె చెవికే తెలిసేది. ఇదిగో, ఇటు కుడి పక్క కిందిది అని మా హవల్దార్ చూపెట్టకుండానే చెప్పేటోడు సార్జెంటుకు" అని నవ్వారు. వైమానిక దళంలో హవల్దార్ ఎక్కడిదని అడగబోయాను. ఆర్మీ నుంచి వచ్చినాయనను అందరూ అలాగే పిలిచేవారట.

హార్వర్డ్ గాల్లోకి లేచేటప్పుడు చెవులు చిల్లులు పడేలా ఒక రంపపు మోత వస్తుంది. అది ఇంజన్‌ది కాదు, ప్రొపెల్లర్‌ది. కొస నుంచి కొస దాకా తొమ్మిది అడుగులు, మధ్యలో గేర్లు లేకుండా నేరుగా ఇంజన్‌తో తిరుగుతుంది. నిమిషానికి 2,250 చుట్ల దగ్గర రెక్క కొస సెకనుకు 320 మీటర్ల పైచిలుకు పరుగెడుతుంది. విమానం ముందుకు పోయే వేగం దానికి తోడైతే ధ్వని వేగానికి బాగా దగ్గరవుతుంది. రెక్క చివర్లు గాలిని పగలగొడుతుంటే వచ్చేదే ఆ గోల. మన వైమానిక దళం 1970ల దాకా పైలట్లకు ఈ గోలలోనే చదువు చెప్పింది.

ఇన్ని చెప్పినా, పాత యుద్ధవిమానాల మోత అనగానే ప్రపంచమంతా చెప్పుకునేది ఒక్కటే: స్పిట్‌ఫైర్‌లో ఉండే రోల్స్‌రాయిస్ మెర్లిన్. పన్నెండు సిలిండర్లు, ఇరవై ఏడు లీటర్లు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగినప్పుడు సెకనుకు మూడు వందల పేలుళ్లు. సైలెన్సర్ లేదు. ఇంజన్‌కు ఇరుపక్కలా జానెడు గొట్టాలు, వాటిలోంచి పొగ నేరుగా గాల్లోకి. పైగా వెనక సూపర్‌చార్జర్ సన్నటి కూత. అందుకే అది మోటారు మోతలా కాకుండా, శ్రుతి కలిసిన పెద్ద మేళంలా వినిపిస్తుంది. ప్రొపెల్లర్‌కు మధ్యలో గేర్లు పెట్టి సగం కన్నా తక్కువ వేగానికి దించారు కాబట్టి హార్వర్డ్ రంపపు కోత ఇందులో ఉండదు. పేలుళ్లే పైకి వినపడతాయి. దిగేముందు పైలట్ థ్రాటిల్ మూస్తే కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టాల్లో చిటపటమంటుంది. నేలమీద నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పాత పోత ఇంజన్ బుల్లెట్ బండి లాగే ఒక్కో దెబ్బా విడివిడిగా పడుతుంది. బుల్లెట్ పిచ్చి ఉన్నవాడికి మెర్లిన్ పిచ్చి వివరించక్కర్లేదు.

ఈ మెర్లిన్‌తో మనకో లెక్క ఉంది. ఇంగ్లాండ్ వాయుసేనలో హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్లు మూడు. మొదటిది 110. 1918లో దాని డీహెచ్-9ఏ విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహుమతి. వాటిలో అమెరికా లిబర్టీ ఇంజన్, అదీ పన్నెండు సిలిండర్లే, అదీ ఇరవై ఏడు లీటర్లే. బలం 400 గుర్రాలు. రెండు దశాబ్దాల తర్వాత అంతే కొలతలో మెర్లిన్ వెయ్యికి పైగా గుర్రాలు లాగింది. రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం సొమ్ముతో మరో రెండు పేర్లు చేరాయి: 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, స్పిట్‌ఫైర్లు, 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్, హరికేన్లు. రెండింటిలోనూ మెర్లినే. 1940 బ్రిటన్ యుద్ధంలో 152 వాళ్లు వార్మ్‌వెల్ నుంచి, 253 వాళ్లు కెన్లీ నుంచి లేచి జర్మన్లతో తలపడ్డారు. 152 స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. కింద రాసిన మాట 'నమ్మకమైన మిత్రుడు'. అది నిజాంకు తెల్లదొరలు ఇచ్చిన బిరుదే.

నిజాం సొమ్మంటే ఎవరి సొమ్ము? శిస్తు కట్టిన రైతుది. కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట చెరువుల కింద వరి పండించినవాళ్లది. ఇంగ్లాండ్ తీరం మీద మోగిన ఆ మేళంలో ఇటు వైపు పంట కూడా కాలింది. దాన్ని గర్వంగా చెప్పుకోవాలో, లెక్క అడగాలో నాకు రెండూ అనిపిస్తాయి. విన్న మోత బాగున్నంత మాత్రాన కట్టిన శిస్తు మరిచిపోలేం.

అప్పుడు మనవాళ్లు బేగంపేటలో విన్నది స్పిట్‌ఫైర్లను కాదు, టైగర్ మాత్‌లను. యుద్ధకాలంలో కొత్త పైలట్లకు అక్కడ ఓనమాలు నేర్పేవారు. నాలుగు సిలిండర్ల జిప్సీ మేజర్, 130 గుర్రాలు, బట్ట చుట్టిన రెక్కలు. 1946లో డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు వచ్చాయి. 1948లో మెర్లిన్ మన నెత్తి మీదికి వచ్చింది, అదీ చీకట్లో. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకు దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్టర్ బాంబర్‌ను ప్రయాణికులకు మలిస్తే వచ్చిందే లాంకాస్ట్రియన్, దానికి నాలుగు మెర్లిన్లు. స్పిట్‌ఫైర్‌ను ఆకాశం నుంచి ఫొటోలు తీసే విమానంగా మలిచిన తొలివాళ్లలో ఇదే కాటన్ ఒకడు. తర్వాత లండన్ కోర్టు అతనికి రెండు వందల పౌండ్ల జుర్మానా వేసింది. 1948 సెప్టెంబరు 13న నిజాం రాజ్యం మీద భారత సైన్యం పోలీసు చర్య మొదలైంది. ఈసారి పట్టపగలు వచ్చినవి భారత వైమానిక దళం టెంపెస్టులు. పద్దెనిమిది సిలిండర్ల సెంటారస్ ఇంజన్, రెండున్నర వేల గుర్రాలు. ఐదు రోజుల్లో కథ ముగిసింది.

మోత తియ్యదనం వినేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దాన్ని బట్టే ఉంటుంది. జర్మన్లకు ఇది బాగా తెలుసు. స్టూకా బాంబర్ల చక్రాల కాళ్లకు కావాలనే సైరన్లు బిగించారు. ఇంగ్లాండ్‌లో రాడార్ రాకముందు కెంట్ తీరంలో కాంక్రీటుతో ఇంటంత చెవులు కట్టి, సముద్రం అవతలి ఇంజన్ల కోసం కాచుకుని కూర్చున్నారు. 1942 మే 19 రాత్రి సర్రేలో ఒక తోటలో నైటింగేల్ పాటను ప్రసారం చేయడానికి బీబీసీ మైకు పెట్టింది. పాట మధ్యలో బాంబర్ల మోత మొదలైంది. అవి జర్మనీ మీదికి పోతున్నాయని శత్రువుకు తెలిసిపోతుందని ఇంజనీరు ప్రసారం ఆపేశాడు. రికార్డింగ్ మాత్రం ఆపలేదు. పిట్ట కూడా పాట ఆపలేదు. ఇంజన్ల హోరు పెరిగి, తగ్గి, దూరమయ్యేదాకా పాడుతూనే ఉంది. వింటే మనసు పాడవుతుంది. ఆ విమానాల్లో ఎందరు తిరిగొచ్చారన్న ఆలోచన వదలదు.

ఆ పాటను, ఆ హోరును నేను కూడా విన్నది రికార్డింగ్‌లోనే. అయినా చెబుతాను, ఫోన్లో విని ఇదేనా మెర్లిన్ అనుకోకండి. ఫోన్ స్పీకర్‌కు పైకూత పలుకుతుంది కానీ కింది దెబ్బ పలకదు. ఆ దెబ్బ పట్టాల్సింది చెవి కాదు, పక్కటెముకలు. మంచి హెడ్‌ఫోన్లు కూడా అక్కడికి చేరలేవు. నేలమీద నిలబడాలి, విమానం తల మీదుగా పోవాలి. దగ్గరికొస్తున్నప్పుడు హెచ్చు స్వరం, దాటగానే ఒక్కసారి జారి తగ్గు స్వరం. ఆ జారుడు ఎంత బాగుంటుందో రాయడం నా వల్ల కాదు.

మరి ఎక్కడ వినాలి? ఇంగ్లాండ్‌లో పిల్లలున్నవాళ్లు వేసవిలో వెళితే మాల్స్ చుట్టూ తిరగడం ఒక రోజు మానుకుని కేంబ్రిడ్జి పక్కన డక్స్‌ఫర్డ్ ఎయిర్‌షో చూసి రండి. స్పిట్‌ఫైర్లు, హరికేన్లు ఇప్పటికీ ఎగురుతాయి. మన దగ్గరైతే వైమానిక దళం పాత విమానాలను బాగుచేసి దాచుకుంది. టైగర్ మాత్, హార్వర్డ్ హిండన్‌లో ఎగిరాయి. పరశురామ అని పేరు పెట్టిన డకోటా 2018లో ఇంగ్లాండ్ నుంచి మన దేశానికి ఎగురుతూ వచ్చింది. అన్నీ ఢిల్లీ చుట్టూనే.

ఇక్కడేమో దుండిగల్‌లో ఏడాదికి రెండుసార్లు పాసింగ్ అవుట్ పరేడ్, బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా. జెట్లు, హెలికాప్టర్లు వస్తాయి, రంగుల పొగ వదులుతాయి. పిస్టన్ యుద్ధ శిక్షణ విమానం ఒక్కటీ రాదు. వైమానిక దళం పెద్దలకు నా మనవి: వచ్చే వింగ్స్ ఇండియాకు హార్వర్డ్‌ను బేగంపేటకు తీసుకురండి. కుదిరితే డకోటాను కూడా. ఎగరకపోయినా ఫర్వాలేదు, నేలమీద స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పండి. ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో లాగేటప్పుడు బడి పిల్లలను తాడు ఇవతల నిలబెట్టి చూడనివ్వండి. సైనిక్‌పురి పెద్దాయనకు మాత్రం తాడు అవతలే చోటివ్వండి.