గడప అవతలి చక్రవర్తి

సీజరూ! రోము పేరు పెట్టి మేము నీకిచ్చిన రాజ్యం గేటు నుంచి గడప దాకా. కాలవగట్టు మీద గోనెసంచిలో దొరికిన నాటుకుక్కవి. ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి, ఏ జాతి అని అడిగినవాళ్ళకి మేం నీళ్ళు నమిలే రూపం. అయినా ఆ కాస్త జాగానూ దర్జాగా ఏలావు. నీ సెలవు లేనిదే కొబ్బరికాయలు దింపేవాడు చెట్టెక్కలేదు, పాలబ్బాయి సైకిలుకి స్టాండు వేయలేదు.

నీ ముక్కుకు దండం. ఊపిరిని పక్క చీలికల్లోంచి వదిలేసి, వాసన చెదరకుండా లోపలికి లాక్కునే తడి ముక్కుకు దండం. వాసన పట్టే కణాలు మాకు అరకోటి అయితే నీకు ఇరవై కోట్ల పైమాటే. అంత ఆస్తి పెట్టుకుని నువ్వు చదివిందేమిటి? నాన్న చెప్పులు. అక్క బడిసంచి. పెళ్ళిభోజనం చేసి ఒట్టి చేతులతో వచ్చిన తాతయ్య కండువా. దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివి, ఆయన మొహంలోకి ఓసారి చూసి, క్షమించేసేవాడివి.

నీ చెవికి దండం. రామాలయం మలుపులో ఎన్ని బళ్ళు తిరిగినా తల ఎత్తేవాడివి కాదు. నాన్న చేతక్ తిరిగితే చాలు, లేచేవాడివి. నువ్వు లేస్తే అమ్మ టీ నీళ్ళు పడేసేది.

వంకర వంకర అని లోకమంతా ఆడిపోసుకునే ఆ తోకకి మరీ మరీ దండం. మా ఇంట్లో అబద్ధం ఆడనిది అదొక్కటే.

ఇక గడప. అది నాయనమ్మ హద్దు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన హద్దు. మడిబట్ట, ఆవకాయ జాడీ, దేవుడి మందిరం లోపల. నువ్వూ నీ సొట్టగిన్నే బయట. నువ్వెన్నడూ దాటలేదు. దీపావళి రాత్రి మాత్రం, వీధిలో లక్ష్మీబాంబు పేలినప్పుడల్లా, తోక కాళ్ళ మధ్య దూర్చుకుని ముందరి కాళ్ళు రెండూ గడప మీద పెట్టేవాడివి. గోళ్ళు పసుపులో దిగేవి. ఒళ్ళంతా వణుకు. చూపు నాయనమ్మ మీద. "అవతలికి పోరా" అని కసిరేది గాని ఆ కసురులో పస ఉండేది కాదు. మర్నాడు ఆ గోళ్ళ గీతల మీద మళ్ళీ పసుపు రాసుకునేది, ఎవరినీ ఏమీ అనకుండా.

బయట నిలబడటం మీవాళ్ళకి కొత్త కాదు. నన్నయ ఆదిపర్వం తెరవగానే జనమేజయుడి యాగం జరిగేచోట ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు దాన్ని. దేవతల కుక్క సరమ, దాని తల్లి, వచ్చి రాజునే నిలదీసి, అనుకోని భయాలు తప్పవని చెప్పి మరీ వెళ్ళింది. పదిహేడో పర్వం, మహాప్రస్థానికానికి వస్తే ద్రౌపదీ తమ్ముళ్ళూ ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది కుక్కే. కుక్కకి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడంటే, అయితే నాకూ వద్దన్నాడాయన. అది సాక్షాత్తూ యమధర్మరాజని తర్వాత తేలుతుంది. ఆ ముక్క దగ్గరే నాకు మనసు చివుక్కుమంటుంది. ధర్మదేవత కాకపోతేనేం? ఒట్టి కుక్కే అయితే మాత్రం ధర్మరాజు ఆగేవాడు కాదా? ఏటా గుళ్ళో పురాణం వినే నాయనమ్మకి ఈ కథంతా కంఠతా.

నీకు మూతి నెరిసింది. కళ్ళకి నీలిపొర కమ్మింది. తర్వాత తొట్టిలో నీళ్ళు తెగ తాగడం, పెరుగన్నం కూడా ముట్టకపోవడం. పశువుల డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి కిడ్నీలు పోయాయన్నాడు. సెలైన్ ఎక్కించి, "బాధ లేకుండా నిద్రలో పోయే ఇంజెక్షన్ ఉంది, ఆలోచించుకోండి" అన్నాడు. నాన్నకి ఆలోచన తెగలేదు. ఆ పని ఆయనకి పెట్టకుండానే వెళ్ళావు.

ఆ రాత్రి ముసురు. నాయనమ్మ తలుపులు బార్లా తీసి, "లోపలికి రారా నాయనా" అంది. దేక్కుంటూ వచ్చి, గడప మీద గడ్డం ఆనించి ఆగిపోయావు. తోక నేలకేసి టపటప కొట్టావు. మళ్ళీ పిలిచింది. ఊహూ. ఇన్నేళ్ళు ఆవిడ చెప్పిన మాటే నీకు మాట. అప్పుడు నాయనమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుని, ద్వారబంధం పట్టుకుని, తనే గడప దాటింది. మడి లేదు, గిడి లేదు. తన పాత నేతచీర నీకు కప్పి, జల్లు కొడుతున్న వసారాలో నీ పక్కనే నడుం వాల్చింది. తెల్లవారుజామున నీ డొక్కలు ఎగరడం ఆగేసరికి ఆవిడ చెయ్యి నీ మెడ మీదే ఉంది.

పెరట్లో గన్నేరు పక్కన నడుం లోతు గొయ్యి తీసి, కల్లుప్పు పోసి, ఆ చీరతోనే పడుకోబెట్టాం. నాయనమ్మ నెత్తిన నీళ్ళు పోసుకుంది. "కుక్కకి మైలేంటండీ పిన్నిగారూ?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగితే, "స్నానానికి నీ సెలవు తీసుకోవాలేంటే?" అని తిప్పికొట్టింది.

రాజ్యం గల్లంతైంది సీజరూ. పిల్లులు వసారా ఎక్కి గిన్నెలు దొర్లిస్తున్నాయి. మొన్న కొరియర్ కుర్రాడు గేటు తోసుకుని తిన్నగా మెట్ల దాకా వచ్చేశాడు. నాయనమ్మ వాడి మీద విరుచుకుపడింది: "ఏవయ్యా, అడిగేవాళ్ళు లేరనుకున్నావా?"