హార్లెం మ్యూజియం: ఇల్లెవరిది, చుట్టమెవరు?

2025 నవంబర్ 15న న్యూయార్క్‌లోని హార్లెంలో స్టూడియో మ్యూజియం కొత్త భవనం తలుపులు తెరిచింది. 2018లో పాత భవనం మూసేశాక దాదాపు ఎనిమిదేళ్లకు! ఆ రోజు టికెట్టు లేకుండా పేటవాళ్లందరినీ పిలిచి పండుగ చేశారు. ఏడంతస్తులు, 82 వేల చదరపు అడుగులు. పోగుచేసిన నిధి 30 కోట్ల డాలర్ల పైమాట. అందులో నగర ప్రభుత్వ సొమ్మూ ఉంది, పెద్ద దాతల సొమ్మూ ఉంది. నల్లజాతి కళాకారుల పనిని చూపడానికే పుట్టిన ఈ సంస్థకు, తన కోసమే కట్టుకున్న మొదటి ఇల్లు ఇదే.

ఈ సంగతి మనకెందుకు? 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్లు తమ పేరునే నల్లజాతి పోరాటం నుంచి తెచ్చుకున్నారు. ఆ పోరాటం కళారంగంలో ఏం గెలిచిందో, ఎక్కడ చిక్కుపడిందో చూడటం మనకు పరాయి పని కాదు. పైగా ఇప్పుడు మ్యూజియాలకు 'అందరి దినం' జరపడం ఒక అలవాటైంది. మా అభిప్రాయం సూటిగా చెప్తాం. తలుపు తెరిచిన రోజు ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. మిగిలిన 364 రోజులూ ఆ ఇంట్లో మాట ఎవరిది అన్నదే లెక్క.

ఈ తేడా హార్లెం ప్రజలకు 1969లోనే తెలిసొచ్చింది. ఆ ఏడు జనవరిలో నగరంలోని మెట్రొపాలిటన్ మ్యూజియం 'హార్లెం ఆన్ మై మైండ్' అనే పెద్ద ప్రదర్శన పెట్టింది. హార్లెం గురించి ఫొటోలున్నాయి, శబ్దాలున్నాయి, రాతలున్నాయి. హార్లెంలో బతుకుతూ బొమ్మలు వేసే, శిల్పాలు చెక్కే నల్లజాతి కళాకారుల పని మాత్రం ఒక్కటీ లేదు! అంటే వాళ్లు వస్తువుగా పనికొచ్చారు, కర్తలుగా పనికిరాలేదు. బెన్నీ ఆండ్రూస్ వంటి కళాకారులు అట్టలు పట్టుకుని మ్యూజియం మెట్ల ముందు నిలబడ్డారు. అదే మ్యూజియం హార్లెం రినైజాన్స్ చిత్రకారులతో పెద్ద ప్రదర్శన పెట్టింది 2024లో. మధ్యలో 55 ఏళ్లు గడిచాయి.

స్టూడియో మ్యూజియం అంతకు కొన్ని నెలల ముందు, 1968 సెప్టెంబరులో, ఫిఫ్త్ అవెన్యూలో అద్దెకు తీసుకున్న ఒక మేడగదిలో మొదలైంది. అది అచ్చంగా పేట నుంచే పుట్టిందని అనలేం. స్థాపకుల్లో తెల్లజాతి కళాపోషకులూ ఉన్నారు. మొదటి ప్రదర్శన టామ్ లాయిడ్ చేసిన విద్యుద్దీపాల శిల్పాలు. ఈ దీపాలకూ మా బతుక్కూ ఏం సంబంధమని అడిగినవాళ్లు హార్లెంలోనే ఉన్నారు. అడగటం వాళ్ల హక్కు. నల్లవాడు నల్లబాధ మాత్రమే గీయాలా, రంగుతోనూ వెలుతురుతోనూ ప్రయోగాలు చేయకూడదా అనడం లాయిడ్ హక్కు. దళిత కవి ఆకలి గురించే రాయాలా అని మనలో మనం వాదించుకోవడం లేదా? ఆ తగువు ఇంటిమనుషుల మధ్య జరిగింది గనక విలువైంది. లాయిడ్ అక్కడితో ఆగలేదు. 1971లో క్వీన్స్‌లోని జమైకా పేటలో తనే 'స్టోర్ ఫ్రంట్ మ్యూజియం' పెట్టాడు. 2025లో కొత్త భవనం మళ్లీ ఆయన దీపాలతోనే మొదలైంది. పాత తగువును దాచకుండా గుమ్మంలోనే పెట్టడం మాకు నచ్చింది.

అంతకన్నా పెద్ద సంగతి పేరులోనే ఉంది. స్టూడియో అంటే పనిగది. చిత్రకారుడు విలియం టి. విలియమ్స్ ఆలోచనతో, కళాకారులకు పని చేసుకునే చోటూ కొంత భృతీ ఇవ్వడం ఈ మ్యూజియం మొదట్నించీ పెట్టుకున్న పని. డేవిడ్ హామన్స్, కెర్రీ జేమ్స్ మార్షల్ వంటివాళ్లు ఆ గదుల్లో పని చేసినవాళ్లే. గోడకు తగిలించిన బొమ్మకు విలువ కట్టడం అందరూ చేస్తారు. బొమ్మ ఇంకా పుట్టకముందే మనిషికి చోటివ్వడం తక్కువమంది చేస్తారు.

అయినా కొత్త భవనాన్ని ఒక మాట అడగాల్సిందే. హార్లెం పాత ఇళ్ల ముందు మెట్లుంటాయి. మన అరుగుల్లాగే ముసలీ ముతకా కూర్చుని లోకం సంగతులు మాట్లాడుకునే చోటు. ఆ మెట్ల గుర్తుగానే భవనం లోపల జనం కూర్చునేందుకు ఒక పెద్ద మెట్ల వరుస కట్టారు. ఆలోచన బాగుంది. కానీ బయట ఏం జరుగుతోంది? అద్దెలు పెరిగి, ఇళ్లు లక్షల డాలర్లకు అమ్ముడై, ఆ మెట్ల మీద కూర్చున్న కుటుంబాలు పేట వదిలిపోతున్నాయి. ఇది మ్యూజియం చేసిన నేరమని మేము అనడం లేదు. కాని పేటవాళ్లు లేని పేటలో అరుగు ఒట్టి బొమ్మవుతుంది. పేటను పండుగకు పిలిచిన సంస్థ, పేట నిలబడే పోరాటంలో ఎటు నిలబడుతుందో కూడా చెప్పాలి.

ఇక మన సంగతి. మన ఊళ్లలో అరుగు మీద ఎవరు కూర్చుంటారు, ఎవరు కింద నిలబడతారు అన్నదే కులం. తెలంగాణలో డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్పే పటం, మాదిగల పుట్టుక చరిత్ర. అదే పటం సేకరణల్లోకి చేరితే 'జానపద కళ' అవుతుంది. చెప్పినవాడి గొంతు పోతుంది, విన్న వాడ పేరు పోతుంది. ఇక్కడ మన తప్పూ ఉంది. డక్కలివాణ్ణి మాదిగ ఇంటి గడప బయటే నిలబెట్టిన ఆచారం మనది. ఆ గడప దాటించకుండా మ్యూజియం గడప గురించి గట్టిగా మాట్లాడలేం.

ప్రభుత్వాలు ఎత్తుల్లో పోటీపడ్డాయి. 2023లో హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, 2024లో విజయవాడలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం లేచాయి. విగ్రహం వద్దనం. జయంతి రోజున అక్కడికి పోయే జనానిది నిజమైన గౌరవమే. కాని డప్పు చేసేవాడికి, పటం చెప్పేవాడికి, ఫైనార్ట్స్ చదివి గది అద్దె కట్టలేని మన పిల్లలకి పనిగది ఎక్కడ?

అందుకే ఏ మ్యూజియం మనల్ని పిలిచినా వెళ్దాం. వెళ్లి అడుగుదాం. ఏది కొనాలో ఎవరు తేలుస్తారు? బొమ్మ కింద పేరు ఎవరు రాస్తారు? కమిటీలో మనవాళ్లెందరు, చీపురు పట్టినవాళ్లలో మనవాళ్లెందరు? పనిగదులు ఎన్ని? జవాబు దొరికేదాకా మనం ఆ ఇంటికి చుట్టాలమే.