కొండమీది ఇంటిపేర్లకు

కొర్రా, నీకు మొదటి దండం. నువ్వు సూర్యుడివి. కిల్లో, నువ్వు పులివి. వంతాలా, పడగెత్తిన నాగువి. పాంగీ, గాలికొండ మీద చుట్లు తిరిగే గద్దవి. గొల్లోరీ, కొమ్మ వంచి ఊగే కోతివి. కిముడూ, ఇప్పపూల వాసనకు చీకట్లో దిగివచ్చే ఎలుగువి. మత్యా, మాచ్‌ఖండ్ నీళ్లలో ఎదురీదే చేపవి.

అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు. ఈ దారుల్లో ఏ బడి హాజరుపట్టీ తెరిచినా అడవి వరసగా నిలబడి పలుకుతుంది.

మైదానంలో మా ఇంటిపేర్లు చాలావరకు తాతలు విడిచివచ్చిన ఊళ్ల పేర్లు. ఇంగ్లండులో కొలిమి ఊదినవాడు స్మిత్ అయ్యాడు. స్కాట్లండులో మాక్ అంటే ఫలానావాడి కొడుకు. క్యాంబెల్ అంటే వంకర నోరు, కామెరాన్ అంటే వంకర ముక్కు. ఏనాటి తాత ముఖమో మనవల మనవలకూ చిరునామా అయింది. ఊరు, పని, తండ్రి, ఒంటి తీరు: ఆనవాలు కోసం మనిషి ఎక్కువగా మనిషి దగ్గరే వెతికాడు. ఈ కొండవాళ్ల చూపు వాగు దాటింది, చెట్టు దాటింది, సూర్యుడి దాకా పోయింది.

కిల్లోవారు ఒక్క తెగలో లేరు. భగతల్లో ఉన్నారు, వాల్మీకుల్లో ఉన్నారు, కోటియాల్లో, పోర్జల్లో, గదబల్లో ఉన్నారు. రాష్ట్రం గీత దాటి కోరాపుట్‌లోనూ ఉన్నారు. గదబల గుతోబు ముండా కుటుంబపు భాష. పక్క గూడెంలో వినిపించేది ఆదివాసీ ఒడియా, ఆ పైన తెలుగు. తెగకూ తెగకూ మధ్య ఎక్కువ తక్కువల పట్టింపులున్నాయి, ఒకరింట ఒకరు తినని కట్టుబాట్లున్నాయి. అన్నిటికీ అడ్డంగా ఒకే పులి నడిచిపోతుంది. నేను ఈ పేర్లకు మొక్కేది అందుకే.

కిల్లో పిల్లవాడు కిల్లో పిల్లను చేసుకోడు. ఊళ్లు ఎంత దూరమైనా, ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకపోయినా వాళ్లు అన్నాచెల్లెళ్లే. సంతలో కొత్తవాడు కలిస్తే ఇంటిపేరు అడగడం ఉత్త పలకరింపు కాదు. అన్నా అనాలో బావా అనాలో ముందు తేలాలి. పేరులో ఉన్న జీవిని చంపకూడదన్నది పెద్దల కట్టు.

చేప కథ మరీ పాతది. ఒడ్డాదిని ఏలిన మత్స్య రాజులు తమ మూలపురుషుడు చేప కడుపున పుట్టాడని 1269 నాటి దిబ్బిడ రాగిరేకుల మీద చెక్కించుకున్నారు. రాజ్యం పోయింది, కోట పోయింది. పాడేరు దాపున మత్స్యగుండంలో చేపలు ఇవాళ్టికీ వల ఎరగవు. జనం వాటికి మేత వేసి దండం పెట్టుకుంటారు. రాజు ఆ చేపను తన గొప్పకు రాయించుకున్నాడు. మత్యవారి పిల్ల ఏ శాసనమూ లేకుండానే దాన్ని బడిసంచితో పాటు మోసుకుపోతుంది.

ఇంటిపేరు పక్కన నిలిచే పేరు కూడా చూడండి. శుక్రవారం పుట్టినవాడు సుక్రా, బుధవారం పుట్టినవాడు బుద్రా. కొర్రావారింట సుక్రా అంటే సూర్యుడి ఇంట శుక్రవారం నాడు కళ్లు తెరిచిన బిడ్డ. ఇంత నిండైన పిలుపు నా పేరుకు లేదు.

అనంతగిరి వాలుల్లో పులి జాడ అరుదైపోయింది. పేరులో మాత్రం ఇంకా తిరుగుతోంది. దరఖాస్తుల్లో ఇంటిపేరును ఒక్క పొడి అక్షరం చేసేస్తున్నాం. అప్పుడు కొర్రా "కె", కిల్లో "కె", కిముడూ "కె". సూర్యుడు, పులి, ఎలుగు ముగ్గురూ ఒక చుక్క వెనక కలిసిపోతారు.

మాస్టారూ, గుమాస్తాగారూ, ఈ పిల్లల ఇంటిపేరు పూర్తిగా రాయండి. గళ్లు చాలకపోతే మార్జిన్‌లోనైనా రాయండి.