మూడు పేర్ల ఓడ

గోదావరి పేరుతో ఒక కాపలా ఓడ 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. సౌతాంప్టన్‌లో థోర్నీక్రాఫ్ట్ సంస్థ కట్టిన స్లూప్ అది. ఆ పేరుతో బతికింది అయిదేళ్లే.

అలాంటి ఓడ ఎందుకు అవసరమైందో విశాఖ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాను నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచాయి. 6వ తేదీన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు తరలిపోయారు. ఆనాటి సరుకు ఓడకు పరుగెత్తే వేగమూ లేదు, తిరగబడే బలమూ లేదు. పది ఓడలను జట్టుగా కట్టి చుట్టూ కాపలా ఓడలు తిరగడమే దానికున్న రక్షణ. కాపలా ఓడకు పెద్ద ఫిరంగులతో పనిలేదు. నీటి అడుగున జలాంతర్గామి కదలికను పసిగట్టే చెవి, దాని మీద వదలడానికి డెప్త్ చార్జీలు, రాత్రంతా నిద్ర కాచే సిబ్బంది ఉంటే చాలు.

గోదావరి ఆ పని చేసి చూపింది. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర బ్రిటిష్ ఫ్రిగేట్ ఫైండ్‌హార్న్‌తో కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది. లోపలున్న 66 మందిలో ఒక్కరూ బయటపడలేదు. గెలుపు లెక్క రాసేటప్పుడు ఆ సంఖ్యను కూడా రాయాలి.

దేశం విడిపోయినప్పుడు ఓడలనూ పంచారు. కృష్ణానది పేరున్న ‘కిస్ట్నా’ భారత్‌కు మిగిలింది, గోదావరి పాకిస్తాన్‌కు వెళ్లి 1948లో ‘సింధ్’ అయింది. నది పేరు పోయి మరో నది పేరు వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. కానీ పేరు మారిస్తే సగం చరిత్ర చెరిగిపోతుందన్నది ఈ కాలమ్ ఎన్నాళ్లుగానో పట్టుకున్న వాదన. ఊరి పేర్ల విషయంలో, స్టేషన్ పేర్ల విషయంలో పాఠకులు దీన్ని చాలాసార్లు చదివారు. ఓడల విషయంలోనూ అదే మాట చెప్పి ముగించవచ్చు. తర్వాత అదే పేరు పెట్టుకున్న రెండో గోదావరి కథ అందుకు ఒప్పుకోదు.

అది అచ్చమైన ఎస్కార్ట్ డిస్ట్రాయర్. యుద్ధ సమయంలో బ్రిటన్ హడావుడిగా కట్టిన 86 హంట్ తరగతి ఓడల్లో ఒకటి. నక్కల వేట బృందాల పేర్లు పెట్టడం ఆ తరగతి ఆనవాయితీ కాబట్టి దీనికి ‘బెడేల్’ అని పెట్టారు. హడావుడి ఎంతటిదంటే, ఈ తరగతిలో మొదటి ఓడ కట్టి తూచి చూస్తే పైబరువు ఎక్కువై నిలకడ చాల్లేదు. ఆరు ఫిరంగుల్లో రెండు తీసేయాల్సి వచ్చింది. తర్వాతి ఓడలను రెండున్నర అడుగులు వెడల్పు చేశాక గానీ ఆరూ పట్టలేదు. బెడేల్ ఆ వెడల్పు చేసిన రకం. దూరప్రయాణానికి ఇంధనం చాలని చిన్న ఓడలివి. యుద్ధ అవసరాల కోసమే తయారయ్యాయి.

1942లో బెడేల్‌ను పోలండ్ నావికులకు ఇచ్చారు. తమ దేశం శత్రువు చేతిలో ఉండగా వాళ్లు దానికి ‘ష్లోంజక్’ అని పేరు పెట్టుకున్నారు. సైలీషియా మనిషి అని అర్థం. ఆ పేరుతో అది 1942 ఆగస్టులో దియెప్ దాడికి, మరుసటి ఏడాది సిసిలీకి, సలెర్నోకు, 1944లో నార్మండీకి వెళ్లింది. ఇల్లు పోయిన వాళ్లు నేల పేరును ఓడకు పెట్టుకోవడాన్ని చరిత్ర చెరపడం అనడానికి నోరు రాదు. 1946లో ఓడ బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. 1953లో భారత్‌కు అప్పుగా వచ్చి ‘గోదావరి’ అయింది. తోబుట్టువుల్లాంటి ఓడలు లామర్టన్, చిడింగ్‌ఫోల్డ్ గోమతి, గంగ అయ్యాయి.

పేర్లు మారే తీరు గోదావరి నీళ్లలోనూ ఉంది. వానలు పడ్డప్పుడు పాడేరు మన్యంలో మత్స్యగెడ్డ ఎర్రబారి పారుతుంది. హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు దాటేదాకా దాని పేరు అదే. ఒడిశా సరిహద్దులో అదే నీరు మాచ్‌కుండ్. జలాపుట్ జలాశయంలో ఆగి, డుడుమ దగ్గర కిందికి దూకి, ఇంకొంత దూరం పోయాక సీలేరు. ఆపైన శబరిలో కలుస్తుంది. ఆ శబరి కూడా కొరాపుట్ వైపు కొలాబ్. కూనవరం దగ్గర అన్నీ కలిసి గోదావరి. తూర్పు కనుమల్లో పుట్టిన నీరు ఇన్ని పేర్లు మార్చుకుని పోతుంటే ఈ దారిలో ఏ ఊరూ తన పేరు పోయిందనుకోలేదు. మత్స్యగుండం దగ్గర చేపలకు మొక్కేవాళ్లకు కింద రాజమండ్రిలో ఆ నీటిని ఏమంటారన్నది పట్టింపు కాదు. బెడేల్, ష్లోంజక్, గోదావరి అన్నవి కూడా ఒకే ప్రవాహానికి మూడు చోట్ల మూడు పిలుపులు. పేరు మార్పు మీద ఇన్నాళ్లూ చేసిన వాదన ఈ ఓడ దగ్గర నిలబడదు.

యుద్ధం కోసం కట్టిన ఆ ఓడ ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. 1976 మార్చిలో మాల్దీవుల దగ్గర దిబ్బకు తగిలి నేలపట్టింది. 1979 నాటికి తుక్కయింది.

1983 డిసెంబరులో ముంబయి మజగావ్ డాక్ నుంచి మూడో గోదావరి వచ్చింది. ఈసారి దేశంలోనే కట్టిన ఫ్రిగేట్, రెండు సీకింగ్ హెలికాప్టర్లు మోసే ఓడ. 1988 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వాన్ని కూలదోయబోయిన కిరాయి సైనికులు బందీలతో ఓడెక్కి పారిపోతుంటే, బెత్వా అనే మరో నౌకతో కలిసి సముద్రంలో వాళ్లను అడ్డగించింది. పాత గోదావరి చిక్కుకుపోయింది ఆ దీవుల దగ్గరే. మూడో గోదావరి 2015 డిసెంబరు 23న విధుల నుంచి తప్పుకుంది.