మూలకాడ నాలుగు బండలు

కల్లూరులో మా ఇంటి వెనక వేపచెట్టు పక్కన కొంచెం జాగా ఉంటే నాపబండలు పరిపిద్దామనుకున్నాను. బేతంచెర్ల నుంచి తెప్పించిన రెండడుగుల బండలు 96 ఉన్నాయి. వరసకు పన్నెండు చొప్పున ఎనిమిది వరసలని నా లెక్క. తీరా పని మొదలయ్యే రోజున ఇంట్లోవాళ్లు, అంత పొడుగెందుకు, చదరంగా ఉంటే నలుగురు కూర్చోడానికి బాగుంటుందన్నారు. మేస్త్రీ ముందు ఎనిమిదికి ఎనిమిది పరిచేశాడు. మిగిలిన ముప్పై రెండు బండల్ని రెండు వాటాలు చేశాడు. ఒక వాటాను తూర్పు పక్కన రెండు వరసలుగా, రెండో వాటాను దక్షిణం పక్కన రెండు వరసలుగా అతికించాడు. సాయంత్రం నన్ను పిలిచి చూపించాడు.

"మూలకాడ నాలుగు బండలు చాల్లేదు సార్. అవి తెస్తే పదికి పది చదరం అయిపోతాది."

నేను లెక్కల మాస్టారిని. పదో తరగతి పిల్లలకు ఏటా నల్లబల్ల మీద గుర్తులతో చెప్పే పాఠం నా పెరట్లోనే పరిచి ఉంది. పొడవు వెడల్పు కంటే నాలుగు ఎక్కువ, మొత్తం 96, వెడల్పెంత అన్నదే ఆ లెక్క. వెడల్పు వర్గానికి వెడల్పును నాలుగు రెట్లు చేసి కలిపితే 96. ఆ నాలుగును సగం చేసి రెండు పక్కలా అతికించాలి. మూలలో పడ్డ ఖాళీ రెండుకు రెండు, అంటే నాలుగు. అది పూడిస్తే నూరు. నూరుకు వర్గమూలం పది. అతికించిన రెండూ తీసేస్తే ఎనిమిది. పుస్తకాల్లో 'వర్గాన్ని పూర్తి చేయడం' అని రాసేది ఈ పనినే. మూల నిండితేనే మూలం దొరుకుతుందని ఆ రోజు నుంచి పిల్లలకు చెబుతున్నాను. తెలుగులో ఆ రెండు మాటలూ అంత దగ్గరగా ఉండటం మన అదృష్టం.

ఈ బొమ్మ చాలా పాతది. దాదాపు 3,700 ఏళ్ల కిందటి బాబిలోనియా మట్టిపలకల మీద ఇలా సగం చేసి, వర్గం కలిపి, మూలం తీసే లెక్కలున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ చదరాలు గీసి మరీ నిరూపించాడు. వాళ్ల కథ లోకమంతటికీ తెలుసు. మన వైపు జరిగిన పని మన పిల్లలకే తెలియదన్నది నా బాధ.

బ్రహ్మగుప్తుడు 628లో వర్గ సమీకరణాన్ని సాధించే పద్ధతిని సూత్రంగా చెప్పాడు. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో ఈ ప్రక్రియకు వాడిన పేరు 'మధ్యమాహరణం'. మధ్య పదాన్ని తొలగించడమని అర్థం. ఎంత చక్కటి పేరో చూడండి. వర్గమూ స్థిరాంకమూ మాత్రమే ఉంటే మూలం తీసేయొచ్చు, చిక్కంతా మధ్యలో ఉన్న పదంతోనే. దాన్ని చదరంలో కలిపేసుకుంటే చిక్కు విడిపోతుంది. తెలియని రాశికి వాళ్లు 'యావత్తావత్' అని పేరు పెట్టి, కుదించి 'యా' అని రాసుకున్నారు. ఎంతైతే అంత అని దాని అర్థం.

ఈ విద్య తెలుగులోకి రావడానికీ ఒక దారి ఉంది. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలన్నిటిలోకీ పాతవాటిలో అదొకటి. భారతం తెలుగైన కొద్దికాలానికే లెక్కలూ తెలుగయ్యాయన్నమాట. మన సాహిత్య చరిత్రల్లో ఈ సంగతికి ఇంకా పెద్ద చోటు దక్కాలి.

మహావీరాచార్యుడి లెక్కల్లో నాకు ఇష్టమైనది ఒంటెల మంద లెక్క. మందలో నాలుగో వంతు అడవిలో కనబడింది. మంద సంఖ్యకు వర్గమూలం ఎంతో, దానికి రెట్టింపు ఒంటెలు కొండవాలుకు పోయాయి. మిగిలిన పదిహేను ఏటి ఒడ్డున ఉన్నాయి. మొత్తం ఎన్ని? ఆ వర్గమూలాన్ని 'యా' అనుకుంటే, మూడు యా వర్గంలోంచి ఎనిమిది యా తీస్తే 60 రావాలి. ఇక్కడ వర్గానికి ముందు మూడు ఉంది. మూడుతో భాగిస్తే భిన్నాలు వచ్చి పడతాయి.

శ్రీధరాచార్యుడి ఉపాయం ఇలాంటి చోటనే పనికొస్తుంది. ఆయన బీజగణిత గ్రంథం మనకు మిగల్లేదు. ఈ ఒక్క సూత్రాన్ని భాస్కరుడు ఉదాహరించబట్టి బతికింది. వర్గపదపు గుణకాన్ని నాలుగు రెట్లు చేసి, దాంతో రెండు వైపులా గుణించు. మధ్య గుణకం వర్గాన్ని రెండు వైపులా కలుపు. మన లెక్కలో నాలుగు మూళ్లు పన్నెండు. 60ని పన్నెండుతో గుణిస్తే 720. ఎనిమిది వర్గం 64 కలిపితే 784. దాని మూలం 28. అంటే ఆరు యాలోంచి ఎనిమిది తీస్తే 28. యా విలువ ఆరు, మంద 36. తొమ్మిది అడవిలో, పన్నెండు కొండవాలులో, పదిహేను ఏటి ఒడ్డున. ఎక్కడా ఒక్క భిన్నం రాలేదు. అయితే ఆ నాలుగు రెట్లు ఎందుకని పిల్లలు అడిగితే, చాలా ఏళ్లు నేను నల్లబల్ల మీద గుర్తులు మార్చి చూపడమే తప్ప కళ్లకు కట్టేలా చెప్పలేకపోయాను.

బడిలో పిల్లలకు ముందు నేర్పేది కారణాంకాల పద్ధతి. గుణిస్తే 96, తేడా నాలుగు వచ్చే జంట ఏది? పన్నెండు, ఎనిమిది. చురుకైన పిల్లలు నోటితోనే చెప్పేస్తారు. ఆ వేగం నాకూ ఇష్టమే. కానీ లెక్కను బడి దాటించి కల్లూరు వీధిలోకి తెచ్చి చూడండి. ఇక్కడ ఇంటి స్థలం అడిగేది సెంట్లలో. సెంటంటే 48.4 చదరపు గజాలు, రెండు సెంట్లంటే 96.8. పొడవు వెడల్పు కంటే నాలుగు గజాలు ఎక్కువ కావాలంటే వెడల్పెంత? పూర్ణాంకాల జంటలు వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మూల పూడిస్తే 100.8, దాని మూలం సుమారు 10.04, వెడల్పు 8.04 గజాలు. పాఠ్యపుస్తకంలో సంఖ్యలు మనకోసం ఏర్చి పెట్టినవి. నేల అలా ఉండదు.

సూత్రం ఉంది కదా అనొచ్చు. మధ్య గుణకం గుర్తు మార్చి, మూలం గుర్తు కింద ఉండే విచక్షణి వర్గమూలాన్ని ఒకసారి కలిపి ఒకసారి తీసేసి, వర్గపదపు గుణకం రెట్టింపుతో భాగించమని పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. అది శ్రీధరుడి చదరాన్ని ఒకసారి అందరి కోసం పూర్తి చేసి పెట్టుకున్న ఫలితమే. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికి వచ్చిన ఎన్సీఈఆర్టీ పుస్తకంలో సూత్రం ఉంది, చదరాన్ని పూర్తి చేసే భాగం లేదు. అంతకు ముందటి మన పుస్తకంలో అది ఉండేది. బరువు తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. తీసేయాల్సింది మాత్రం ఇది కాదని నా గట్టి నమ్మకం.

రెండో మూలం సంగతీ చెప్పాలి. నూరుకు మైనస్ పది కూడా వర్గమూలమే, అప్పుడు వెడల్పు మైనస్ పన్నెండు. భాస్కరుడు దీన్ని కోతుల లెక్కతో చూపాడు. మందలో ఐదో వంతులోంచి మూడు తీసి వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలో దూరాయి, ఒకటి చెట్టెక్కింది. జవాబులు యాభై, ఐదు. ఐదును ఆయన కాదన్నాడు. ఐదో వంతు ఒకటి, అందులోంచి మూడు ఎలా తీస్తావు, లోకం ఒప్పదు అని. మూలాలు రెండూ కనుక్కున్నాక, ఏది ఉంచాలో లెక్క చెప్పిన మనిషే తేల్చుకోవాలి. విచక్షణి రుణమైతే ఏం చేయాలన్నదానికి మహావీరుడు ముందే జవాబిచ్చాడు. రుణసంఖ్య ఏ సంఖ్యకూ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదన్నాడు.

పోయిన వేసవిలో నలుగురు పిల్లల్ని ఆ బండల మీదే కూర్చోబెట్టాను. 84 బండలు, పొడవు ఐదు ఎక్కువ, చదరం చేయండి అన్నాను. సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ ఐదును సగం చేసేసరికి ఆగిపోయారు.

"రెండున్నర వరసలా? బండ కోయాల కద సార్," అన్నాడొకడు.

కోస్తే మూలకు ఆరుంపావు బండలు కావాలి. 84కు కలిపితే తొంభైంపావు, మూలం తొమ్మిదిన్నర, వెడల్పు ఏడు. లెక్క తెగింది. పక్కనున్న పిల్ల మాత్రం ఇంకా గీస్తూనే ఉంది. కాసేపటికి తలెత్తి, "కోయడం ఎందుకు సార్? రెండడుగుల బండలు మానేసి అడుగు బండలు పరిస్తే సరిపోతుంది కదా. ఒక్కోదాని చోట నాలుగు పడతాయి," అంది.

84 బండల చోట 336 చిన్నబండలు. పక్కకు ఐదేసి వరసలు, కోత లేదు. మూలకు ఐదుకు ఐదు, 25. అందరూ కలిసి వేళ్ల మీద కూడారు. 361. పక్కకు పందొమ్మిది.