చిలుక చచ్చేదాకా లేవొద్దు

2018 వేసవిలో గద్వాల పల్లెల్లో జనం ఆరుబయట పడుకోవడం మానేశారు. నడిగడ్డలో అది చిన్న సంగతి కాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నేల మీద ఎండలు ముదిరితే మంచాలు వాకిట్లోకి రావాల్సిందే. ఆ ఏడు మంచాలు లోపలికి పోయాయి, తలుపులకు గొళ్లాలు పడ్డాయి. పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో వచ్చింది మరి.

ఆ ఏడు దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి లాక్కుని పోతారు. అంతే, అక్కడితో అయిపోతుంది. అసలు వీడియో అక్కడితో అయిపోదు. అది కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి తీయించిన ప్రకటన. బండి వెనక్కి తిరిగి వస్తుంది, పిల్లవాణ్ణి దించుతారు, పిల్లలు జాగ్రత్త అని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ రెండో సగాన్ని కోసేశారు. ఎత్తుకుపోవడం మిగిలింది, తిరిగి తేవడం పోయింది.

మన కథకుడెవడూ ఆ పని చేయడు. ఎత్తుకుపోయే కథ మనకు కొత్త కాదు. బుర్ర భుజానేసుకుని ఊరూరా తిరిగే బుడగజంగాల నోట బాలనాగమ్మ కథ విన్న పాలమూరు ముసలివాళ్లకు, ఈ మధ్య ‘యాక్షన్ థ్రిల్లర్’ అంటున్నది ఏమిటో పేరు తెలియకపోయినా రుచి తెలుసు. ఇంగ్లిష్ సినిమాల్లో 1985 నాటి ‘కమాండో’ నుంచి 2008 నాటి ‘టేకెన్’ దాకా ఎత్తుకుపోయిన కూతురి కోసం తండ్రి బయలుదేరతాడు. మన కథలో ఎత్తుకుపోయింది తల్లిని, బయలుదేరింది ఊయల దిగిన కొడుకు. ఆ తిరగేతలోనే మన కథ పనితనం ఉందని నాకనిపిస్తుంది.

కథ తెలియని వాళ్లకు క్లుప్తంగా. పానుగంటి రాజుకు ఏడుగురు కూతుళ్లు, కడగొట్టుది బాలనాగమ్మ. భర్త కార్యవర్ధిరాజు. పొత్తిళ్లలో కొడుకు. మగవాళ్లు ఇంట లేని వేళ మాయలఫకీరు బిచ్చానికి వస్తాడు. దాటొద్దన్న గీత దాటి బిచ్చం వేయబోయిన తల్లిని కుక్కను చేసి తన గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్లిన మొగుడూ సైన్యమూ రాళ్లైపోతారు. పెద్దమ్మల దగ్గర పెరిగిన బాలవర్ధిరాజు సంగతి తెలుసుకుని బయలుదేరి, ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచిన ఫకీరు ప్రాణం పట్టుకొస్తాడు. పానుగంటి పేరు వినగానే వనపర్తి మనిషికి తమ పానగల్ కోట గుర్తుకొస్తే తప్పు పట్టలేం. కథకుడికి కావలసిందీ అదే. తాను చెప్పే కోట వినేవాడికి పొద్దున లేస్తే కనబడే గుట్ట మీద ఉంటే సగం పని అయిపోయినట్టే. నాగర్‌కర్నూలు వైపు చెబితే ఫకీరు గట్టు నల్లమలలో పడుతుంది. పటం గీయడు, పేరు చెప్పి వదిలేస్తాడు. కొండను వినేవాడే తెచ్చుకుంటాడు.

చేతిలో సరంజామా ఎంత? కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. పక్కన బుడిగెలు వాయిస్తూ వంతపాడేవాళ్లు, చాలా గుంపుల్లో వాళ్లు ఆ ఇంటి ఆడవాళ్లే. షేక్ నాజర్ (1920–1997) లాంటి వాళ్ల చేతిలో సానబట్టి బుర్రకథగా వేదికలెక్కింది ఈ జంగంకథ వరసే. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. వేదిక బుర్రకథ రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. రచ్చకట్ట మీద చెప్పే జంగానికి ఆ తొందర లేదు. రాత్రి మొత్తం ఆయనదే, కావాలంటే రేపటి రాత్రి కూడా.

అసలు విద్య వంతల దగ్గర ఉంది. ఫకీరు వాకిట్లో నిలబడ్డాడు. బాలనాగమ్మ చేట పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. ఇక్కడ కథకుడు ఆగుతాడు. వచనం వదిలి పాటెత్తుకుంటాడు, పాట మధ్యలో అందెలు ఆపేస్తాడు. వంత అడుగుతుంది: పోయిందా? గీత దాటిందా? అది వినేవాళ్ల నోట్లోని ప్రశ్న. దాటలేదు అంటాడు. ఫకీరు మళ్లీ అడుగుతాడు, దాటి వచ్చి వేయకపోతే బిచ్చం వద్దంటాడు. మళ్లీ పాట. ఏం జరుగుతుందో కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు, పోయినేడు కూడా విన్నారు. తెలిసినదాన్ని ఆలస్యం చేయడంలోనే గుండె దడ ఉంది. తెలియనిది హఠాత్తుగా చూపిస్తే ఉలిక్కిపడతాం, తెలిసినది ఆపి ఆపి చూపిస్తే ఊపిరి బిగబడతాం. సినిమాలు తీసేవాళ్లకు ఈ రెండింటికీ ఉన్న తేడా చదువుకుంటే తెలిసింది. ఈయనకు ఆకలి నేర్పింది.

ఆకలి అనడం ఊరికే కాదు. పీటముడి పడిన చోట కథ ఆపి జోలె పట్టడం వాళ్ల బతుకుతెరువు. తల్లి కుక్కై గట్టెక్కిపోతున్నది, ఊయలలో బిడ్డ ఏడుస్తున్నాడు, అప్పుడు ఆపి గింజలడిగితే ఏ ఇల్లాలు లేదంటుంది? వారపత్రిక సీరియల్ రచయితలూ ఇప్పటి వెబ్ సిరీస్‌లవాళ్లూ బతికేది ఈ కిటుకు మీదే. కాకపోతే వాళ్ల జోలె కనబడదు.

హాస్యం కూడా సరిగ్గా భయం ముదిరిన చోటే వస్తుంది. పై నుంచి చూసే పట్నం వాళ్లకు అది అతుకులా కనిపించొచ్చు. ముందు వరసలో ఉన్నది పిల్లలు. రాత్రి పదకొండు గంటలకు తల్లిని ఎత్తుకుపోయిన సంగతి విని ఆ పిల్లలు ఇంటికి నడిచి పోవాలి. వంత ఒక వెటకారం వేసి ఫకీరు గడ్డాన్ని నవ్వులపాలు చేస్తే భయం చేతికందే ఎత్తుకు దిగుతుంది. పుకారు ఈ పని చేయదు.

నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా గొప్ప కల్పన ఫకీరు మాయ కాదు, బాలనాగమ్మ నోము. తన దగ్గరికి రావద్దని, ఏళ్ల తరబడి సాగే వ్రతం పట్టానని చెప్పి ఆమె ఫకీరును దూరంగా నిలబెడుతుంది. ఆ నోము కథకు గడియారం. అక్కడ దినాలు గడుస్తుంటే ఇక్కడ కొడుకు పెరుగుతుంటాడు. నోము ముగిసేలోగా పిల్లవాడు వస్తాడా? చెరలో ఉన్న మనిషి ఏడుస్తూ కూర్చోదు, సమయం సంపాదిస్తుంది. పూలమ్మే ముసలమ్మ మనవడినని చెప్పుకుని బాలవర్ధి లోపలికి వచ్చాక ఫకీరు ప్రాణరహస్యాన్ని లాగేది కూడా ఆమే, తియ్యని మాటలతో. ఇంగ్లిష్ సినిమా తండ్రి ఫోన్లో బెదిరించి ఒక్కడే అందరినీ కొట్టుకుంటూ పోతాడు, కూతురు గదిలో ఎదురుచూస్తుంది. ఇక్కడ తల్లీ కొడుకూ ఇద్దరూ పనిచేస్తారు.

ప్రాణం బయట దాచుకునే రాక్షసుడు ప్రపంచమంతా ఉన్నాడు. రష్యావాళ్ల కోషెయ్ ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. జానపద పరిశోధకులు ఈ కథాజాతికి 302 అని నంబరు కూడా వేశారు. కానీ చిలుక రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి పడిపోవడం, కాలు విరిస్తే కాలు పోవడం తంబుర, బుడిగె, అందెలతో వినాల్సిందే. ఒక్కో విరుపుకు ఒక్కో దెబ్బ, రెండు దెబ్బల మధ్య నిశ్శబ్దం. కత్తి లేదు, రక్తం లేదు, పోరాటమంతా చర్మవాద్యం మీదే. తర్వాత రాళ్లు మనుషులవుతాయి. ఒక్కడే కాదు, సైన్యమంతా లేస్తుంది.

సినిమావాళ్లు దీన్ని వదల్లేదు. 1942 ఒక్క ఏడాదిలోనే రెండు బాలనాగమ్మలు వచ్చాయి. జెమినీ వాళ్ల దానిలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ (మన ఫకీరే). 1959లో ఎన్టీఆర్, అంజలీదేవి, ఎస్వీ రంగారావులతో మరొకటి. సురభి నాటక సమాజాలైతే ఈ మాయలన్నీ రంగస్థలం మీదే చేసి చూపించాయి. తెర మీద మాయ ఎంత బాగున్నా, గీత దాటిందా అని వంత అడిగే ప్రశ్న మాత్రం అక్కడ లేదు.

పాలమూరులో ఈ కథ నిలబడడానికి ఇంకో కారణం ఉందనుకుంటాను. తల్లి ఎక్కడో ఉండగా పెద్దమ్మల దగ్గర పెరిగిన పిల్లవాడు ఇక్కడి వాళ్లకు కల్పన కాదు. ముంబై, పూనా పనులకు తల్లిదండ్రులు వలసపోతే అవ్వ దగ్గర మిగిలిన పిల్లలు ప్రతి తండాలోనూ ఉన్నారు. ఆటలో తోటిపిల్లలు దెప్పితే, నా తల్లేదని బాలవర్ధి అడిగే చోట కొంగులు కళ్లకు పోతాయి. ఆ ఏడుపు పానుగంటి కోసం కాదు. ఇదే గద్వాల చుట్టూ పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పనికి బడి మానిపించి పంపిన పిల్లలున్నారు. వాళ్లను ఎవరు ఎత్తుకుపోయారని ఏ ఫోనూ అడగలేదు.

ఫకీరు అన్న పేరు గురించి కూడా చెప్పాలి. బిచ్చానికి వచ్చే పరాయివాడే దొంగ అనే భయం ఈ కథలో ఉంది, దాచి లాభం లేదు. ఆ భయం చివరికి ఎవరి మీద పడుతుంది? 2018 జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రాయిన్‌పాడాలో పిల్లల దొంగలనుకుని జనం అయిదుగురిని కొట్టి చంపారు. వాళ్లు బిచ్చానికి ఊరూరా తిరిగే నాథపంథీ సంచారులు. మన బుడగజంగాల లాంటి బతుకే వాళ్లదీ. కథ చెప్పే జోలెనే కథలోని జోలె అనుకున్నారు.

గద్వాలలో అలా జరగలేదు. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉండి వనపర్తి బాధ్యత కూడా చూసిన రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించారు. నాలుగువందల పైచిలుకు ఊళ్లు. ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పడానికి కరపత్రాలతో ఆగకుండా జానపద కళాకారుల జట్టును దింపారు. డప్పు కొట్టి, పాట కట్టి, వాకిళ్ల ముందు ఆడి చెప్పారు. పుకారు ఊళ్లో ఏ దారిన పాకిందో ఆ దారినే, అంటే నోటి దారినే, దాని రెండో సగాన్ని పంపారు. ఆ ఊళ్లలో పిల్లల దొంగల పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు. అదే జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకే పంపేలా కట్టడి పెట్టింది. గద్వాల డప్పు అప్పటికే ఊళ్లు తిరిగింది.

ఈ నేల విద్వాంసులకు పేరు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కవులను పోషించాయి. ఆ నడిగడ్డవాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాస్తూ రాజుల యుద్ధాలకన్నా జనం ఆటపాటలకు ఎక్కువ చోటిచ్చారు. నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. రచ్చకట్ట మీద చెప్పే జంగంకథకూ ఆ చూపు దక్కాలి. తెల్లవార్లూ నడిచే కథను పది నిమిషాల సాంస్కృతిక కార్యక్రమంగా కుదించి సన్మానిస్తే అది కూడా కత్తిరించిన వీడియోనే అవుతుంది.

మీ ఊరికి తంబుర భుజాన వేసుకుని ఎవరైనా వస్తే ఆధార్ కార్డు అడిగే ముందు బాలనాగమ్మ కథ వచ్చా అని అడగండి. వస్తే రాత్రికి ఉండమనండి, గింజలు ముందే కొలిచిపెట్టండి. సగంలో లేవకండి. చిలుక దొరికేసరికి కోడికూత అవుతుంది.