నాలుగు పేర్లు

విజయవాడలో విశ్వనాథ సత్యనారాయణ అభిమానులు నలుగురు కలిస్తే మాట ‘పురాణవైర గ్రంథమాల’ మీదికి వెళ్తుంది. ‘భగవంతుని మీది పగ’తో మొదలై ‘నివేదిత’తో ముగిసే 12 నవలల మగధ రాజవంశ కథ అది. విశ్వనాథ కోట వెంకటాచలం కాలనిర్ణయాన్ని అనుసరించారు. అందుకే అలెగ్జాండర్ కాలంవాడు మౌర్య చంద్రగుప్తుడా, గుప్త చంద్రగుప్తుడా అన్న వాదన గంటలు సాగుతుంది.

అలాంటి ఒక సాయంత్రం నేనడిగాను: అమృతవల్లి, హెలీనా, వేదవతి, నివేదిత - నాలుగు నవలలకి ఆడవాళ్ళ పేర్లున్నాయి కదా, వీళ్ళ గురించి ఎందుకు మాట్లాడుకోం?

“ముందు వరస తెలియాలి కదమ్మా” అన్నారొక పెద్దాయన, ఆప్యాయంగానే.

వరస నాకు తెలుసు. గుడివాడ దగ్గర అమ్మమ్మ ఇంట్లో వేసవి సెలవుల్లో అన్నీ చదివాను. అమ్మమ్మకి వరస పట్టేది కాదు. వంటయ్యాక చేతికందిన పుస్తకం చదివి, “తర్వాత ఆ పిల్ల ఏమైందే?” అని అడిగేది. ఏ రాజు ఏలుబడో ఎన్నడూ అడగలేదు. పిహెచ్‌.డి. చేసేటప్పుడు ఆ ప్రశ్న నాకు చిన్నదిగా తోచింది. నేనూ రాజవంశాల పట్టికే వేశాను.

వర్ణధర్మం నిలబడాలన్న విశ్వనాథ ఆలోచనని నేనొప్పుకోను. ఆయన కథనం మాత్రం నన్ను వదలదు. ఆ ధర్మం నిలిచాక ఈ స్త్రీలకి ఏం మిగిలిందని అడక్కుండా ఆ నవలల్ని మెచ్చుకున్నా, తిట్టినా అది సగం చదువే. ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్నతో మళ్ళీ మొదలుపెట్టాను, వరస తప్పి, ‘హెలీనా’ నుంచి.